బొమ్మలు వద్దన్నందుకే అక్షరాలా? ఇస్లామీ లిపికళ గురించి అడిగిన ప్రశ్నకు ఒక కాతిబ్ జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు చూశారు, తర్వాత ఆగ్రాలో తాజ్‌మహల్ చూశారు. రెండు చోట్లా ఎటు చూసినా రాతలే. "ఇస్లాంలో బొమ్మలు నిషేధం, అందుకని ఖాళీని అక్షరాలతో నింపారు" అని గైడు చెప్పాడు. అది నిజమేనా? అరబ్బీ రానివాళ్లు ఆ రాతలను ఎలా చూడాలి?

సూటిగా చెబుతాను. గైడు చెప్పినదాంట్లో నిజం పాలు తక్కువ. మసీదు గోడల మీదా ఖురాన్ ప్రతుల్లోనూ మనుషుల, జంతువుల బొమ్మలు ఉండవన్నంత వరకు సరే. కానీ బొమ్మ ఖాళీ చేసిన చోట అక్షరం వచ్చి కూర్చోలేదు. దైవవాక్యమని నమ్మిన మాటను పొల్లుపోకుండా కాపాడాలన్న పట్టుదల ఒకటి. రాజ్యం తన ముద్రగా రాతను ఎంచుకోవడం ఇంకొకటి. ఆ రాతకు ఒక కొలత దొరకడం మూడోది. మొదటి రెండూ పుస్తకాల్లో బాగానే ఉంటాయి. మూడోదాన్ని ఎందుకో దాటేస్తారు. నన్నడిగితే అసలు కిటుకంతా అక్కడే ఉంది, అందుకే ఈ జవాబులో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

నేను ఏ వైపు నుంచి మాట్లాడుతున్నానో కూడా చెప్పాలి. హైదరాబాద్ పాతబస్తీలో ఒక ఉస్తాద్ (గురువు) దగ్గర కితాబత్, అంటే అందంగా చేత్తో రాసే విద్య, నేర్చుకున్నాను. ఒక ఉర్దూ పత్రికలో కాతిబ్‌గా, అంటే చేత్తో రాసే లేఖకుడిగా, పనిచేశాను. కంప్యూటర్లు వచ్చి ఆ పని పోయాక పెళ్లి పత్రికలు, దుకాణాల బోర్డులు, మసీదుల లోపలి పట్టీలు రాశాను. ఇప్పుడు నేర్పుతున్నాను. కలం పట్టినవాడికి కనిపించేది చరిత్రకారుడికి కనిపించేదానికంటే కాస్త వేరుగా ఉంటుంది.

ముందు బొమ్మల సంగతి తేల్చేద్దాం. ఖురాన్ ఖండించేది విగ్రహారాధనను. ప్రాణుల బొమ్మలు గీయడం మీద అభ్యంతరాలు ప్రధానంగా హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు, నడవడి గురించిన కథనాల్లో, ఉన్నాయి. వాటిని ఎంత కఠినంగా పాటించారన్నది కాలాన్ని బట్టి, చోటును బట్టి మారుతూ వచ్చింది. జోర్డాన్ ఎడారిలో కుసైర్ అమ్రా అనే, ఉమయ్యద్ ఖలీఫాల వంశం కాలపు స్నానశాల ఉంది, 8వ శతాబ్దం తొలి భాగానిది. దాని గోడల నిండా వేటగాళ్లు, స్నానం చేస్తున్న స్త్రీలు, వాద్యగాళ్లు. ఇక ఇరాన్, మొగల్, దక్కన్ దర్బారుల్లో వేయించిన చిత్రాల సంగతి మీకు తెలిసిందే. సుల్తానులు బొమ్మలు కావాలనుకున్నప్పుడు నిక్షేపంగా వేయించుకున్నారు. అయినా అదే దర్బారుల్లో చిత్రకారుడి కంటే కాతిబ్‌కే పెద్దపీట. అక్బర్ దర్బారులో మొహమ్మద్ హుసేన్ కశ్మీరీకి 'జర్రీన్ కలం', అంటే బంగారు కలం, అనే బిరుదు దక్కింది. అక్కడ చిత్రకారులకు కొరత లేదు. బొమ్మ అందుబాటులో లేక అక్షరాన్ని గౌరవించారనడానికి ఇక వీలెక్కడ?

పైగా అక్షరాలతోనే బొమ్మలు కట్టిన సంప్రదాయం కూడా ఉంది. హజ్రత్ అలీని దైవసింహం అంటారు కాబట్టి ఆయన్ని స్తుతించే ప్రార్థనను సింహం ఆకారంలో రాసిన పటాలు షియా ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి.

రాజ్యం రాతను ఎంచుకున్న ఘట్టం నాణేల మీద స్పష్టంగా తెలుస్తుంది. ఉమయ్యద్ ఖలీఫా అబ్ద్ అల్ మాలిక్ మొదట తన నాణేల మీద కత్తి పట్టుకుని నిలబడ్డ ఖలీఫా బొమ్మను ముద్రించాడు. కొద్ది ఏళ్లకే, ముస్లిం పంచాంగం ప్రకారం హిజ్రీ 77లో, అంటే 696–97లో, బొమ్మను పూర్తిగా తీసేసి రెండు వైపులా రాత మాత్రమే ఉన్న బంగారు దీనారు తెచ్చాడు. పక్కనున్న బైజాంటియం చక్రవర్తుల నాణేల మీద రాజు ముఖం, శిలువ ఉండేవి. వాటికి పోటీగా ఇంకో ముఖం వేస్తే పదిమందిలో ఒకడవుతాడు. ముఖమే లేని నాణెం ఎక్కడ చేతిలో పడినా ఇది ఎవరిదో చెప్పేస్తుంది. నిషేధం కంటే ఇందులో రాజకీయపు లెక్క ఎక్కువ కనిపిస్తుంది నాకు.

అదే ఖలీఫా జెరూసలేంలో కట్టించిన గుమ్మటం, డోమ్ ఆఫ్ ది రాక్, హిజ్రీ 72 నాటిది, అంటే 691–92. లోపల ఎనిమిది కోణాల కమానుల వరస మీద రెండు వైపులా కలిపి సుమారు 240 మీటర్ల పొడవున రాత నడుస్తుంది. నీలి, ఆకుపచ్చ నేల మీద బంగారు గాజు ముక్కలతో కూర్చినది. ఏసు గురించి, మరియమ్మ గురించి ఖురాన్ చెప్పే మాటలు అందులో ఉన్నాయి. క్రైస్తవులు ఎక్కువగా ఉన్న నగరంలో అది ఎవరిని ఉద్దేశించిందో ఊహించవచ్చు. తర్వాత అబ్బాసీ ఖలీఫా మామూన్ కాలంలో కట్టినవాడి పేరు తీసేసి మామూన్ పేరు చేర్చారు. కానీ తేదీ మార్చడం మరిచిపోయారు! మామూన్ పాలన మొదలైంది 813లో. ఆ పాత తేదీ అక్కడే ఉండి నేటికీ అసలు కర్త ఎవరో పట్టిస్తోంది. గోడ మీది అక్షరాన్ని రాజులు ఎంత సీరియస్‌గా తీసుకున్నారో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక ఖురాన్ సంగతి. ప్రవక్తకు వచ్చిన తొలి వాక్యాలుగా చెప్పేవాటిలోనే "కలం ద్వారా నేర్పినవాడు" అన్న మాట ఉంది. 68వ అధ్యాయం పేరే కలం. మొదట్లో ఖురాన్ ప్రధానంగా కంఠస్థం చేసి నిలుపుకున్నది. ఖలీఫా ఉస్మాన్ కాలంలో, సుమారు 650 ప్రాంతంలో, ఒక ప్రామాణిక పాఠాన్ని రాయించి వివిధ నగరాలకు పంపారు. అప్పటి అరబ్బీ లిపిలో ఒక చిక్కుంది. బ, త, స లాంటి అక్షరాలకు ఒకటే గీత, చుక్కలు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి అక్షరం మారుతుంది. ఆ చుక్కలను తొలి ప్రతుల్లో అక్కడక్కడా మాత్రమే పెట్టేవారు. హ్రస్వ అచ్చులకు గుర్తులే లేవు. అరబ్బీ మాతృభాష కానివాళ్లు ఇస్లాంలోకి వస్తున్నకొద్దీ తప్పు చదివే ప్రమాదం పెరిగింది. చుక్కలు, అచ్చుల గుర్తులు క్రమంగా స్థిరపడింది ఈ భయంతోనే. రాత మీద అంత శ్రద్ధ పెట్టే అలవాటు అక్కడ పుట్టింది.

ఆ తొలి శతాబ్దాల ఖురాన్‌లు కూఫీ లిపిలో, తోలు మీద, అడ్డంగా పొడవైన పుటల్లో ఉంటాయి. మందపాటి గీతలు, కోణాలు, పుటకు కొద్ది వరసలే. నీలిమందు రంగు వేసిన తోలు మీద బంగారంతో రాసిన 'నీలి ఖురాన్' పుటలు ఇప్పుడు ప్రపంచంలోని చాలా మ్యూజియాల్లో విడివిడిగా ఉన్నాయి. వాటి ఫొటోలు ఒకసారి చూడండి. చదవడానికి సులువుగా ఉండాలన్న ఆలోచనే వాటిలో కనిపించదు. మాటను మధ్యలో ఎక్కడ పడితే అక్కడ విరిచి కింది వరసలోకి తోసేస్తారు. అప్పటికే పాఠం నోటికి వచ్చినవాడి కోసం రాసిన పుటలవి.

తర్వాత కాగితం వచ్చింది. 8వ శతాబ్దం చివరికి బాగ్దాద్‌లో కాగితం తయారవుతోంది. దర్బారు గుమస్తాలు గబగబా గుండ్రంగా రాసే రాత ఒకటి, ఖురాన్ కోసం నిలిపి రాసే రాత ఒకటి, రెండూ పక్కపక్కన నడిచాయి. గుమస్తాల రాత సౌకర్యంగా ఉంది గానీ దానికి పద్ధతి లేదు, ఎవరి దస్తూరీ వాళ్లదే.

ఇక్కడే కొలత వచ్చింది. ఇబ్న్ ముఖ్లా అనే ఆయన (మరణం 940) బాగ్దాద్‌లో ముగ్గురు ఖలీఫాల దగ్గర వజీరుగా పనిచేశాడు. ఆయన పేరు మీద మనకు అందిన సూత్రం చాలా చిన్నది. వెడల్పు పాళీ ఉన్న రెల్లు కలాన్ని సిరాలో ముంచి కాగితం మీద ఒక్కసారి ఏటవాలుగా అద్ది లాగితే వజ్రం ఆకారంలో ఒక చుక్క పడుతుంది. దాన్ని నుఖ్తా అంటాం. ఆ చుక్కే గజం బద్ద. చుక్కలను మూలకు మూల తగిలేలా నిలువుగా పేరిస్తే అలిఫ్ (నిలువు గీతలా ఉండే మొదటి అక్షరం) ఎత్తు వస్తుంది. ఆ అలిఫ్‌ను వ్యాసంగా తీసుకుని వృత్తం గీస్తే మిగతా అక్షరాల వంపులు ఆ వృత్తంలోని ముక్కలుగా కుదురుతాయి. అలిఫ్‌కు ఎన్ని చుక్కలన్నది శైలిని బట్టి, ఉస్తాద్‌ను బట్టి మారుతుంది. సులుస్‌లో మామూలుగా 7, నస్ఖ్‌లో 5, నస్తాలీఖ్‌లో 3 అని నేర్పుతారు.

ఇది ఎందుకంత గొప్ప? చుక్క కలం వెడల్పు నుంచి పుడుతోంది కాబట్టి కలం మారితే కొలతంతా దాంతోపాటే మారుతుంది. వేలెడు కలంతో రాసినా, గడ్డిపరకంత కలంతో రాసినా నిష్పత్తి ఒకటే. జేబులో పట్టే ఖురాన్‌లోని అలిఫ్‌కూ, ఇస్తాంబుల్ హగియా సోఫియాలో వేలాడుతున్న సుమారు 7.5 మీటర్ల వ్యాసమున్న గుండ్రటి పలకల మీది అలిఫ్‌కూ ఒకటే తర్కం. ఆ పలకలు 19వ శతాబ్దంలో కజస్కర్ ముస్తఫా ఇజ్జత్ ఎఫెంది రాసినవి.

ఇంకో లాభం ఉంది, నేర్పేవాడిగా నాకు అదే ముఖ్యం. కొలత ఉంటే తప్పు చూపించవచ్చు. "బాగాలేదు" అంటే శిష్యుడికి ఏం తెలుస్తుంది? "నీ నూన్ (న అక్షరం) కడుపు ఒక చుక్క ఎక్కువ వెడల్పయింది" అంటే తెలుస్తుంది. శిష్యుల కాగితం మీద నేను ఎర్ర సిరాతో చుక్కలు పేర్చి చూపిస్తాను. మా ఉస్తాద్ అలాగే చూపించేవారు, ఆయన ఉస్తాద్ ఆయనకు అలాగే చూపించారు. వెయ్యేళ్ల పాటు కైరో నుంచి దక్కన్ దాకా ఈ విద్య చేతి నుంచి చేతికి అందిందంటే ఈ కొలతే కారణం. భక్తి ఒక్కటే ఉంటే ప్రతి తరమూ కొత్తగా మొదలుపెట్టాల్సి వచ్చేది.

ఇబ్న్ ముఖ్లా కథ మాత్రం విషాదాంతం. రాజకీయాల్లో చిక్కుకుని కుడిచేయి నరికించుకున్నాడు, జైల్లో చనిపోయాడు. చెయ్యి పోయాక మొండికి కలం కట్టుకుని రాశాడని చెబుతారు. ఇది ఆయనదేనని తిరుగులేకుండా తేలిన రాత ఒక్కటీ మిగల్లేదు. ఆయన పద్ధతిని మెరుగుపెట్టిన ఇబ్న్ అల్ బవ్వాబ్ రాసిన ఖురాన్ మాత్రం డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. అది 1000–01లో బాగ్దాద్‌లో రాసినది. చేతిలో పట్టే చిన్న పుస్తకం. మొదటి పుట నుంచి చివరి పుట దాకా అక్షరం ఎక్కడా అలిసిపోదు.

మూడో పేరు యాకూత్ అల్ ముస్తాసిమీ (మరణం 1298). కలం పాళీని ఏటవాలుగా కోసే పద్ధతి ఆయన పేరు మీద ఉంది. దానివల్ల సన్నగీతకూ లావుగీతకూ తేడా ఇంకా పదునెక్కింది. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను తగలబెడుతుంటే మీనారు ఎక్కి కూర్చుని, కాగితం లేక నారబట్ట మీద సాధన చేశాడని కథ. నస్ఖ్, సులుస్, ముహఖ్ఖఖ్, రైహానీ, తౌఖీ, రిఖా అనే ఆరు శైలులు ఆయన శిష్యుల ద్వారా స్థిరపడ్డాయి.

యాకూత్ పేరు చెప్పాను కాబట్టి హైదరాబాద్ వాళ్లకు ఒక మాట. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయనదిగా చెప్పే ఒక ఖురాన్ ఉంది. దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబుల సంతకాలున్నాయి. యాకూత్ అంతటివాడి పేరు కాబట్టి శిష్యులూ, ఆ తర్వాతి కాతిబులూ ఆయన సంతకంతో రాసిన ప్రతులు లోకంలో చాలా ఉన్నాయి. అందువల్ల ఆ పేరు కనిపించిన ప్రతిచోటా పండితులు ఆచితూచి మాట్లాడతారు. ఎవరు రాసినా సరే, ముగ్గురు మొగల్ పాదుషాల చేతుల్లో తిరిగిన పుస్తకం మన ఊళ్లో ఉందన్నది చిన్న సంగతి కాదు.

మన దక్కన్‌కు వద్దాం. ఇరాన్‌లో 14వ శతాబ్దం చివర నస్తాలీఖ్ రూపుదిద్దుకుంది. మీర్ అలీ తబ్రీజీ దాన్ని ఒక క్రమంలో పెట్టాడని చెబుతారు. అక్షరాలు కుడి నుంచి ఎడమకు జారుతూ, వాలుతూ దిగుతాయి. ఫార్సీ కవిత్వానికీ, తర్వాత ఉర్దూకూ ఇదే ఇంటి లిపి అయింది. ఖురాన్‌కు మాత్రం నస్ఖ్‌నో, గోడల మీదైతే సులుస్‌నో వాడతారు. మీరు చూసిన కుతుబ్‌షాహీ సమాధుల్లో ఈ తేడా గమనించవచ్చు. మామూలుగా ఖురాన్ వాక్యాలు నిటారుగా నిలబడ్డ అక్షరాల్లో, ఫార్సీలో చెప్పే పేరు, తేదీ లాంటివి వాలుగా జారే అక్షరాల్లో ఉంటాయి. ఒక్క ముక్క చదవకుండానే ఇక్కడ భాష మారిందని, దేవుడి మాట అయిపోయి మనిషి మాట మొదలైందని పట్టుకోవచ్చు.

ఆ సమాధి రాళ్లు నల్లటి బసాల్ట్, అద్దంలా నునుపు చేసినవి. అక్షరాలను రాయిలోకి తవ్వలేదు. చుట్టూ ఉన్న నేలను చెక్కేసి అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలబెట్టారు. ఈ పని ఎలా జరుగుతుందో చెబుతాను. కాతిబ్ ముందు కాగితం మీద అసలు సైజులో రాస్తాడు. అక్షరాల అంచుల వెంబడి సూదితో దగ్గర దగ్గరగా పొడుస్తారు. ఆ కాగితాన్ని రాయి మీద పరిచి, గుడ్డమూటలో బొగ్గుపొడి వేసి తడితే రంధ్రాల్లోంచి పొడి దిగి రాయి మీద చుక్కల గీత పడుతుంది. ఆ గీత వెంట శిల్పి ఉలి నడుస్తుంది. శిల్పికి అరబ్బీ వచ్చి ఉండాలన్న నియమం లేదు. ఢిల్లీలో కుతుబ్ మీనార్ పక్కన 1199 నాటి కమానుల మీద అక్షరాల నడుమ అల్లుకున్న తీగలను చూడండి, మన దేశపు గుళ్లు చెక్కిన చేతులని ఇట్టే తెలుస్తుంది. ఇప్పటికీ అంతే. హైదరాబాద్‌లో మసీదుల గోడల మీద ఖురాన్ వాక్యాలు రాసి పేరు తెచ్చుకున్న ఒక హిందూ చిత్రకారుడి గురించి మీరు పత్రికల్లో చదివే ఉంటారు.

మీరు చూడాల్సింది ఇంకొకటి ఉంది. చార్మినార్‌కు దగ్గర్లోనే, పత్తర్‌గట్టీ పక్కన బాద్‌షాహీ అషూర్‌ఖానా, అంటే మొహర్రంలో పీర్లను నిలిపే మందిరం. మొహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590లలో కట్టించాడు. లోపలి గోడల మీద రంగు పలకలను ముక్కలు ముక్కలుగా కోసి అతికిన పని ఉంది. మన ఊళ్లలో పీర్ల పండుగకు ఎత్తే పీర్లు చూసే ఉంటారు కదా, ఆ ఆకారాలనే గోడంత పెద్దవిగా చేసి వాటి లోపల అక్షరాలను అల్లారు. పసుపు, నీలం, ఆకుపచ్చ, ఇటుకరంగు. 1908 మూసీ వరదలో కింది భాగం దెబ్బతింది. పలక ఎక్కడ ముగిసి తర్వాత వేసిన రంగు ఎక్కడ మొదలవుతుందో దగ్గరికి వెళ్తే కనిపిస్తుంది. గైడులు ఇక్కడికి ఎందుకు తీసుకురారో నాకు అర్థం కాదు. పర్యాటకులందరూ వంద అడుగుల దూరంలో ముత్యాలు బేరమాడుతుంటారు.

బీదర్ వెళ్లగలిగితే 1472లో మహమూద్ గవాన్ కట్టించిన మదరసా ముఖద్వారం మీద మిగిలిన పలకల రాత చూడండి. సగం ఊడిపోయింది గానీ మిగిలిన సగం చాలు.

తాజ్‌మహల్ సంగతి మీరు అడిగారు. అక్కడి రాత అమానత్ ఖాన్ షీరాజీది. తెల్ల చలువరాతిలో గాడి తవ్వి నల్లరాతి ముక్కలు పొదిగారు. పెద్ద ద్వారం ఎదుట నిలబడితే కింది అక్షరమూ పై అక్షరమూ ఒకే సైజులో ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి పైకి వెళ్లేకొద్దీ పెద్దవి చేస్తూ పోయారు. మరో సంగతి: ఆ మహా కట్టడాన్ని ఊహించిన వాస్తుశిల్పి పేరు గోడ మీద ఎక్కడా లేదు. కాతిబ్ సంతకం, 1638–39 నాటి తేదీతో సహా, సమాధి మందిరం లోపల ఉంది. షాజహాన్ దృష్టిలో ఎవరి స్థానం ఏమిటో అదే చెబుతుంది.

చదవడం రాకపోతే ఎలా చూడాలి? మొదట నిలువు గీతలు చూడండి. సులుస్ పట్టీలో అలిఫ్, లామ్ అక్షరాల నిలువులు వరసగా నిలబడతాయి. వాటి మధ్య ఎడం సమంగా ఉందా, కావాలని ఒకచోట దట్టంగా మరోచోట పలచగా పెట్టారా? ఆ తర్వాత గీత లావు ఎక్కడ పెరుగుతోందో, ఎక్కడ తగ్గుతోందో చూడండి. నస్తాలీఖ్‌లో 'బే' అక్షరాన్ని సాగదీసినప్పుడు అది సన్నగా దిగి, నడుమ నిండుకుని, చివర మళ్లీ సన్నబడి పైకి లేవాలి. ఇదంతా చెయ్యి ఎత్తకుండా ఒకే ఊపులో. ఊపిరి బిగబట్టి లాగే గీత అది. మధ్యలో చెయ్యి ఆగితే అంచు మీద గంటు పడుతుంది, కొత్తవాళ్లు కూడా పట్టేయగలరు. చివరగా అక్షరాల నడుమ మిగిలిన ఖాళీని చూడండి. మంచి కాతిబ్ పనిలో ఆ ఖాళీ కూడా ఒక ఆకారమే.

మీరు అడగకపోయినా మనవాళ్లు చాలామంది నన్ను అడిగే ప్రశ్న: తెలుగులో ఇలాంటి సంప్రదాయం ఎందుకు రాలేదు? దానికి మతం కంటే పనిముట్టే పెద్ద కారణమని నా అభిప్రాయం. తాటాకు మీద గంటంతో గీస్తే ఒకటే మందం గీత వస్తుంది. తర్వాత మసి పూస్తే అది కనిపిస్తుంది. అడ్డంగా బలంగా గీస్తే ఆకు చీలుతుంది. వెడల్పు పాళీ కలం దిశ మారితే చాలు, గీత లావెక్కుతుంది, సన్నబడుతుంది. అరబ్బీ రాత అందమంతా ఆ హెచ్చుతగ్గుల్లోనే ఉంది. మన అక్షరాల గుండ్రదనానికి వేరే అందం ఉంది, దాన్ని దీనితో తూచకూడదు.

అన్నీ దైవవాక్యాలే అనుకోకండి. ఇది ముఖ్యమైన హెచ్చరిక. 10వ శతాబ్దంలో నిషాపూర్, సమర్కంద్‌లలో చేసిన తెల్లటి మట్టిపళ్లాల అంచు చుట్టూ నల్లటి కూఫీ అక్షరాలుంటాయి. వాటిలో ఒకటి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. విద్య మొదట చేదుగా ఉన్నా చివరికి తేనె కంటే తియ్యన అన్న అర్థం వచ్చే మాట, పళ్లెం గలవాడికి ఆరోగ్యం కలగాలన్న ఆకాంక్ష, అంతే దాని మీద ఉన్నది. స్పెయిన్‌లోని అల్‌హంబ్రా గోడల మీద "దేవుడు తప్ప విజేత లేడు" అన్న రాజవంశ నినాదం లెక్కలేనన్నిసార్లు కనిపిస్తుంది. దాంతోపాటు ఆ మహలును, అందులోని జలయంత్రాన్ని పొగిడే కవిత్వమూ ఉంది. సిసిలీని ఏలిన క్రైస్తవ రాజు రెండో రోజర్ కోసం 1133–34లో పలెర్మోలో కుట్టిన పట్టు అంగీ అంచున అరబ్బీ రాత ఉంది. దాన్ని తర్వాత పవిత్ర రోమన్ చక్రవర్తులు పట్టాభిషేకాల్లో కప్పుకున్నారు. ఇప్పుడు వియన్నాలో ఉంది.

సాధన గురించి కొంచెం. ఒట్టోమాన్ (టర్కీ సుల్తానుల కాలపు) పద్ధతిలో శిష్యుడి మొదటి పాఠం ఒక ప్రార్థన: "ప్రభూ, సులువు చెయ్యి, కష్టం చెయ్యకు, మేలుగా పూర్తి చెయ్యి." దాన్నే రాసి, దిద్దించుకుని, మళ్లీ రాయాలి. ఏళ్ల తర్వాత పాత గురువుల రాతను చూసి ఒకటి నకలు చేస్తే, గురువు దాని కిందే ఇజాజత్, అంటే అనుమతి, రాసిస్తాడు. అది లేకుండా తన రాత మీద సంతకం పెట్టే హక్కు లేదు. షేక్ హమ్దుల్లా అనే పెద్ద కాతిబ్ రాస్తుంటే ఒట్టోమాన్ సుల్తాన్ రెండో బయజీద్ సిరాబుడ్డి పట్టుకుని కూర్చునేవాడని చెబుతారు. సిరా దీపపు మసి, తుమ్మజిగురు కలిపి నూరినది. కాగితానికి గుడ్డు తెల్లసొన, పటిక పూసి, ఆరాక నున్నటి రాయితో రుద్దుతారు. అప్పుడు సిరా లోపలికి ఇంకకుండా పైనే నిలుస్తుంది, తప్పు పడితే తడి వేలితో తుడిచెయ్యవచ్చు. బజారు కాగితం మీద ఆ వెసులుబాటు లేదు.

ఈ కళకు పెద్ద దెబ్బ 1928లో తగిలింది. టర్కీ ఒక్కసారిగా లాటిన్ లిపికి మారింది, కాతిబుల బతుకుతెరువు పోయింది. మన దగ్గర కథ వేరు. నస్తాలీఖ్ వాలుగా దిగే లిపి, సీసం అచ్చుల్లో ఇమడదు. అందుకని 19వ శతాబ్దంలో లిథో అచ్చు (రాతి పలక మీది రాతను కాగితం మీదికి దించే అచ్చు) వచ్చాక ఉర్దూ లోకం దాన్ని పట్టుకుంది. కాతిబ్ చేత్తో రాసేది, అది రాయి మీదికి, తర్వాతి కాలంలో ఆఫ్‌సెట్ ప్లేటు మీదికి ఎక్కేది. ఆ విధంగా 20వ శతాబ్దం చివరి దాకా ప్రతిరోజూ ఉర్దూ పాఠకుడి ఇంటికి చేతిరాత పత్రికే వచ్చింది. ఒక పుట పూర్తయ్యే వేళకు ఆలస్యంగా వార్త వస్తే, ఆ మేరకు బ్లేడుతో కోసి కొత్త ముక్క రాసి అతికించేవాళ్లం. 1981లో నూరీ నస్తాలీఖ్ అనే కంప్యూటర్ లిపి వచ్చింది. సుమారు 20,000 అక్షరాల జోడింపులను విడివిడిగా రాయించి చేసినది. 1990లలో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక పత్రికా కార్యాలయాల్లో మా బల్లలు ఖాళీ అయ్యాయి. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' అనే చిన్న పత్రిక మాత్రం చేతిరాతను వదలకుండా పట్టుకొచ్చింది. 2021లో యునెస్కో అరబ్బీ లిపికళను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. గౌరవమే, కాదనను. కానీ ఛత్తా బజారులో పెళ్లి పత్రిక మీద బిస్మిల్లా చేత్తో రాయించుకునే ఇల్లు ఒకటి పెరిగితే నాకు ఇంకా సంతోషం.

మీరు నేర్చుకోవాలనుకుంటే (మీ ప్రశ్న చివర్లో ఆ ఊసు ఎత్తారు) అరబ్బీ భాష ముందుగా రానవసరం లేదు, అక్షరాలు గుర్తుపట్టగలిగితే చాలు. సులుస్‌తో మొదలుపెట్టకండి, అది చూడ్డానికి ఊరిస్తుంది గానీ చెయ్యి కుదరనివాడిని నిరుత్సాహపరుస్తుంది. నస్ఖ్ గానీ నస్తాలీఖ్ గానీ ఎంచుకుని ఒకరి దగ్గరే నేర్చుకోండి. ఇద్దరు ఉస్తాదుల చుక్కల లెక్కలు కలవవు. రెల్లు కలం దొరక్కపోతే గట్టి వెదురుపుల్ల తీసుకుని ఏటవాలుగా కోసి, నడుమ సన్నగా చీలిక పెట్టండి. సిరాబుడ్డిలో కొద్దిగా పట్టుదారం ఉండ వెయ్యండి, కలం ఎక్కువ సిరా ఎత్తకుండా అది ఆపుతుంది. మొదటి కొన్ని వారాలు అలిఫ్, బే, నుఖ్తా తప్ప ఇంకేమీ రాయొద్దు. విసుగు పుడుతుంది, అయినా పేరు రాసి చూడాలన్న ఆశను అప్పటిదాకా వాయిదా వెయ్యండి. రాసిన కాగితాలు ఫొటో తీసి ఇక్కడ పెడితే ఎర్రచుక్కలు నేను పెడతాను.